జౌదా కోపానికి వాళ్లు పెట్టిన పేరు

గ్రెమ్దా రోడ్డు పొడుగునా జౌదా గురించి ఒక మాట చెప్పుకుంటారు. ఉపవాసం తట్టుకోలేక, కాఫీ లేక పిచ్చెక్కి, యజమాని మొహాన కీబోర్డు విసిరిందట. బేకరీవాడు అది కీబోర్డు కాదు, చెప్పు అంటాడు. మందుల షాపావిడ కిటికీ అద్దం కూడా పగిలిందంటుంది. ఎలా మొదలుపెట్టినా అందరూ ఒక్కచోటే ఆగుతారు.

"పాపం, రమదాన్ పూనింది."

స్ఫాక్స్ ఊళ్లో ఆ మాటకు ఎదురులేదు. పొద్దుగుంకే ముందు చేపల మార్కెట్లో ఇద్దరు కాలర్లు పట్టుకుంటే, మూడోవాడు "వదిలెయ్యండ్రా, రమదాన్ పూనింది" అని విడదీస్తాడు. సిగరెట్టు లేక తిట్టిన తిట్టు తిట్టు కాదు. కాఫీ లేక అన్న మాట మాట కాదు. మర్నాటికి ఎవరూ గుర్తుంచుకోరు. ఎంత మంచి అలవాటో! జౌదా నోరు మూయించడానికి అంతకంటే మంచి గుడ్డ దొరకదు.

ఆమె పనిచేసిన చోటు చిన్నది. కింద బేకరీ, మేడ మీద మూడు గదులు. వాళ్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఒక్కటే, పేరు మిఫ్తాహ్. తాళంచెవి అని. ఒక ఆఫీసులోని కంప్యూటర్లన్నిటినీ ఒక్క తెర మీంచి నడిపించవచ్చు. ఎవరిని లోపలికి రానివ్వాలో, ఏది ఆపాలో, ఏది చెరపాలో అక్కడి నుంచే చెప్పవచ్చు. చేపల శీతలగిడ్డంగులూ, రెండు మున్సిపాలిటీలూ, జౌదా నాన్న వారం వారం రక్తం శుద్ధి చేయించుకునే క్లినిక్కూ, అన్నీ దాని మీదే నడుస్తాయి. మొదట్లో దాన్ని రాసినవాడు యజమాని సీ నూమాన్; అక్కడ సీ అంటే గారు అని. తర్వాత మరమ్మతులన్నీ జౌదావి. కొత్త కూర్పును అన్ని ఊళ్లకూ విడుదల చేసే అధికారం వాళ్లిద్దరికే ఉండేది.

ఆ రోజు పొద్దున ఆఫీసు ఫోను మోగుతూనే ఉంది. కాఫీ యంత్రం కేసి దిగులుగా చూసుకుందామని వెళ్లిన అన్వర్‌ను, జౌదా పక్క కుర్చీలో పనిచేసేవాణ్ని, వంటగది గుమ్మంలోనే ఖాల్తీ మహబూబా ఆపేసింది. ఆఫీసు ఊడ్చి తుడిచేది ఆవిడే, అందరికీ ఖాల్తీ, అంటే పిన్ని.

"నేల తడిగా ఉంది. అటు పో."

"చూస్తే కూడా ఉపవాసం పోతుందా ఖాల్తీ?"

"నీ చూపుకి పోతుంది. ఫో!"

కాసేపటికి జౌదా వచ్చి ఫోనెత్తింది. అవతల పక్క దేశంలోని ఒరాన్ నుంచి ఎవరో కుర్రాడు. పేరు ఇల్యెస్, చదువుకుంటున్నాడు.

"అక్కా, మీ తలుపు కొట్టి కొట్టి చెయ్యి నొప్పెట్టింది. మీ మిఫ్తాహ్‌లో పెద్ద కన్నం ఉంది. చలికాలంలోనే నూమాన్ గారికి చెప్పాను. ఇక ఆగను. ఈద్ వెళ్లగానే లోకానికి చెప్పేస్తాను. ఈలోగా పూడ్చుకోండి."

కన్నం ఎక్కడుందో కూడా చెప్పాడు. యంత్రంలో ఏం జరిగిందో రాసుండే ఫైళ్లను చూపించే పేజీ ఒకటుంది. ఏ ఫైలు కావాలో పేరు రాస్తే తెచ్చి చూపిస్తుంది. ఆ పేరు పక్కన సెమీకోలన్ పెట్టి ఇంకో ఆజ్ఞ రాస్తే, ఆ పేజీ దాన్నీ యంత్రానికి మోసుకెళ్తుంది. నువ్వెవరని అడగదు. లాగిన్ అయ్యావా అని చూడదు.

జౌదా ఆఫీసులోనే ఓ పాత యంత్రం మీద రాసి చూసింది. బయటివాళ్లలా, పాస్‌వర్డ్ లేకుండా. యంత్రం యజమానికి చెప్పినట్టు అన్నీ చెప్పేసింది. చెరిపెయ్యమంటే చెరిపేసేది. ఆ పేజీ ఎవరు రాశారో ఆమెకు తెలుసు. చలికాలం నుంచీ తెలిసి కూడా నోరెత్తనిది ఎవరో ఇప్పుడే తెలిసింది.

మధ్యాహ్నానికి ఆ కన్నం పూడ్చే ప్యాచ్ సిద్ధం చేసింది. ముందు లాగిన్ అడుగుతుంది. చేత్తో రాసిన పేరు తీసుకోదు, చూపించిన వాటిలోంచే ఎంచుకోవాలి. అన్వర్ తిప్పి తిప్పి పరీక్షించాడు. "గట్టిగానే ఉంది. నా తలే గట్టిగా లేదు, ఒక్క దమ్ము ఉంటేనా..." అన్నాడు. ఆమె నవ్వలేదు. తిన్నగా సీ నూమాన్ గదిలోకి వెళ్లింది.

"చలికాలంలోనే మీకు చెప్పాడటగా?"

"ఎవడో విద్యార్థి. డబ్బు కోసం."

"డబ్బు అడిగాడా?"

"అడిగేవాడే." సీ నూమాన్ జపమాల తిప్పుతూనే ఉన్నాడు. "ఈద్ అయ్యాక చూద్దాం. రాజధాని నుంచి కొనేవాళ్లు వస్తున్నారు. మా తాళంచెవికే కన్నం ఉందని ఇప్పుడు ఊరంతా చాటమంటావా? తర్వాతి కూర్పులో కలిపెయ్. చిన్న చిన్న మెరుగులు అని రాయి, చాలు."

"మా నాన్న క్లినిక్ కూడా దీని మీదే ఉంది సీ నూమాన్. రక్తం శుద్ధి చేసే యంత్రం దగ్గర ఎవరిని ఎప్పుడు కూర్చోబెట్టాలో రాసున్న పట్టికను ఎవడో చెరిపేస్తే, అది కూడా చిన్న మెరుగేనా?"

"నోరు పెరుగుతోంది."

"తలుపు తీసి పెట్టింది మీరు. తెలిసి దాచింది మీరు. నోరు నాది పెరిగిందా?"

అతను కోప్పడి ఉంటే బాగుండేది. నవ్వాడు. పసిపిల్లను చూసి నవ్వినట్టు.

"ఈ కోపం నీది కాదమ్మా, ఖాళీ కడుపుది. ఇంటికెళ్లు. సాయంత్రం గుడ్డు పెట్టి వేయించిన వేడి వేడి బ్రిక్ తిని, కాఫీ తాగు. రేపు నీకే నవ్వొస్తుంది."

ఒక్క వాక్యంతో ఆ నవ్వును ఆపెయ్యగలదు ఆమె. కానీ ఆ ఊళ్లో, ఆ నెలలో, పెద్దవాడి ముందు ఆడపిల్ల పైకి అనగలిగే వాక్యం కాదది. పళ్లు బిగించి తన కుర్చీలోకి వచ్చి పడింది. ప్యాచ్ విడుదల చేసింది. వాడేవాళ్లందరికీ సందేశం పంపింది: "ఫైళ్లు చూపే పేజీలో కన్నం ఉంది. పాస్‌వర్డ్ లేకుండా ఎవరైనా లోపలికి రావచ్చు. ఈ రోజే ప్యాచ్ పెట్టుకోండి." మెరుగు అన్న మాటే లేదు.

ఫోన్లు మొదలయ్యాయి. సీ నూమాన్ జపమాల వదిలేసి పరిగెత్తుకొచ్చాడు.

"ఆపు! అన్వర్, వైరు లాగెయ్!"

అన్వర్ కదల్లేదు. సీ నూమానే బల్ల కిందికి వంగాడు. జౌదా కీబోర్డు ఎత్తి, అతని తలకు జానెడు దూరంలో బల్ల మీద వేసి కొట్టింది. మీటలు గదంతా చిమ్మాయి.

"ముట్టుకున్నారో! సగంలో ఆపితే సగం ఊళ్లు తెరిచే ఉంటాయి. వాళ్లకు మీరు సమాధానం చెప్తారా? చెప్పరు! ఈద్ అయ్యాక చెప్తారు!"

కింద బేకరీలో వరుసలో నిలబడ్డ జనం తలలెత్తారు. ప్యాచ్ వెళ్లిపోయింది. సీ నూమాన్ లేచి, మోకాళ్లు దులుపుకుని, కిటికీలోంచి కిందివాళ్లకు వినబడేలా మెత్తగా అన్నాడు: "ఏం లేదు, ఏం లేదు. పిల్లకు రమదాన్ పూనింది."

ఆ సాయంత్రం నుంచే కథ రోడ్డెక్కింది.

ఉద్యోగం తీసెయ్యలేదు. అంతకంటే తెలివైన పని చేశాడు. అన్వర్ చేత కబురు పంపాడు. ఉపవాసపు అలసటలో ఉన్నదానికి మించి రాశాను, కంగారు పడకండి అని ఆమె పేరుతో ఇంకో సందేశం వెళ్లాలట. అది వెళ్తే కుర్చీ ఆమెదే.

"రాసి పడెయ్ జౌదా," అన్నాడు అన్వర్. "రమదాన్‌లో అన్నదానికి ఎవరు సిగ్గుపడతారు?"

"కంగారు పడకండి అంటే ఇంకా ప్యాచ్ పెట్టనివాళ్లు పెట్టరు. అది తెలిసే అడుగుతున్నాడు. వెళ్లి చెప్పు, రాయను."

ఈద్ పొద్దున సీ నూమానే వచ్చాడు, మిఠాయి పెట్టెతో. పండగపూట గుమ్మంలోకి వచ్చినవాణ్ని ఎవరు కాదంటారు? అమ్మ కూర్చోబెట్టి, ఉల్లిపాయలూ కిస్‌మిస్‌లూ మగ్గిన షర్మూలా, ఉప్పుచేపా వడ్డించింది. నాన్న సగం తిని పక్కకు జరిపాడు. క్లినిక్ వాళ్లు ఉప్పు వద్దన్నారు.

"నేను అందరికీ సర్దిచెప్పానమ్మా," అన్నాడు సీ నూమాన్, అమ్మతో. "ఉపవాసంలో అన్నది ఎవరూ పట్టించుకోరు. ఆ రెండు ముక్కలు రాస్తే పిల్ల రేపే వచ్చెయ్యొచ్చు."

అమ్మ జౌదా మోచేయి గిల్లింది. జౌదా తన పళ్లెం ఎత్తి అతనికి చూపించింది. ఖాళీ పళ్లెం.

"ఇప్పుడు కడుపు నిండా తిన్నాను సీ నూమాన్. కాఫీ కూడా తాగాను. వినండి. కన్నం మీది. దాచింది మీరు. ఆ రెండు ముక్కలూ రాయను. ఈ కోపాన్ని ఇవాళ దేని మీదికి నెడతారు?"

అతను మిఠాయి పెట్టె అక్కడే వదిలేసి లేచాడు. అమ్మ ఏడ్చింది. నాన్న మాత్రం ఉప్పుచేప మిగతా సగం ముందుకు లాక్కుని, ఎవరి మొహమూ చూడకుండా తినేశాడు.

ఈద్ వెళ్లాక ఇల్యెస్ అన్న మాట ప్రకారం లోకానికి చెప్పాడు. వెంటనే ఎవరెవరో మిఫ్తాహ్ ఉన్న తలుపులన్నీ తట్టి చూశారు. క్లినిక్ వాళ్లు అప్పటికే ప్యాచ్ పెట్టుకున్నారు, వాళ్ల తలుపు మూసి ఉంది. జౌదా కుర్చీలో ఇప్పుడు ఇంకొకరున్నారు. ఆమె వేరే ఊరివాళ్ల కోసం ఇంట్లో కూర్చుని ఇదే పని చేస్తోంది. గ్రెమ్దా రోడ్డు మీద నడిచి వెళ్తుంటే బేకరీవాడు ఇప్పటికీ నవ్వుతాడు: "ఏం జౌదా, రమదాన్ దగ్గర పడుతోంది, చెప్పులు జాగ్రత్త!"

ఆ రోజు వంటగది నేల తడిగా లేదు. నెలసరి రోజుల్లో ఆడవాళ్లకు ఉపవాసం ఉండదు. ఫోను అంతసేపు మోగినప్పుడు జౌదా ఆ తలుపు వెనకే ఉంది. ఖాల్తీ మహబూబా కాచిన చిక్కటి కాఫీ తాగి, రొట్టెముక్క తిని, మూతి కడుక్కుని వచ్చి ఫోనెత్తింది.