నాలుగు దిక్కులా పసుపు పెట్టిన సీడీ

మా ఇంట్లో కంప్యూటర్ పక్కన గోడకు ఒక తెల్ల కాగితం అంటించి ఉంటుంది. దాని మీద పదకొండు ప్రశ్నలు, పదకొండు జవాబులు ఉండేవి. ఇప్పుడు పన్నెండు ఉన్నాయి. ఆ పన్నెండోది ఎందుకు రాయాల్సి వచ్చిందో చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు. అయినా చెప్పాలి.

మెదక్‌లో ఖిల్లా కింది గల్లీలో మా ఇల్లు. నేను డిప్లొమా చదివి, ఒక ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే పని చేస్తున్నాను. గల్లీలో అందరి దగ్గరా ఫోన్లున్నాయి, ఇద్దరు ముగ్గురి దగ్గర లాప్‌టాప్‌లు కూడా ఉన్నాయి. సీడీ పెట్టే డ్రైవు మాత్రం మా పాత కంప్యూటర్‌కే ఉంది. ఈ కాలంలో సీడీలు ఎవరికి కావాలని అడుగుతారు. స్కాన్ సెంటర్ వాళ్లు ఇంకా సీడీలోనే పెట్టి ఇస్తున్నారు. పదిహేనేళ్ల కిందటి పెండ్లి వీడియోలు సీడీల్లోనే ఉండిపోయాయి. ఆదివారం వస్తే ఎవరో ఒకరు కవరు పట్టుకొని వచ్చి మా గడప ముందు చెప్పులు విడుస్తారు.

వచ్చినవాళ్లందరూ అవే ప్రశ్నలు అడిగేవాళ్లు. ఒకే జవాబు మళ్లీ మళ్లీ చెప్పడానికి నాకు ఓపిక లేదు. అందుకే ఆ కాగితం. ఒకటి: నకలు తీస్తే అసలు సీడీ అరుగుతుందా? అరగదు. రెండు: నకలుకు నకలు తీస్తే బొమ్మ మసకబడుతుందా? మసకబడదు, ఇది క్యాసెట్ కాదు. నాలుగు: పైన బాల్‌పెన్నుతో పేరు రాయొచ్చా? రాయొద్దు. సమాచారం ఉండే పొర పేరు రాసే వైపుకే దగ్గరగా ఉంటుంది, గీత పడితే పోతుంది. ఏడు: మీ దగ్గర కనిపించిన సీడీ వేరేచోట ఖాళీగా ఎందుకు కనిపిస్తుంది? రాయడం అయ్యాక సీడీని మూసెయ్యమని కంప్యూటర్‌కు చెప్పాలి. మూయకుండా తెరిచి ఉంచితే, రాసిన డ్రైవు దాన్ని చదువుతుంది, వేరేవి చాలావరకు చదవలేవు.

ఏడో జవాబు కింద ఎర్ర పెన్నుతో గీత కూడా గీశాను.

మా ఇంటికి మూడో ఇల్లు పెద్దమ్మది. చుట్టరికం లేదు. మా అమ్మ ఆమెను అక్కా అంటుంది కాబట్టి నాకు పెద్దమ్మ, ఆమె భర్త పెద్దబాపు. గల్లీలో ఏ కొత్త వస్తువు దిగినా మొదటి పసుపు కుంకుమ పెద్దమ్మ పెట్టాల్సిందే. చెయ్యి మంచిదని పేరు. ఫ్రిజ్‌కు, కుట్టుమిషనుకు, బోరు మోటరుకు, పెండ్లి కార్డుల కట్టలో మొదటి కార్డుకు, అన్నిటికీ ఆమెనే పిలుస్తారు. మా కంప్యూటర్ డబ్బాకు స్విచ్చి పైన ఆమె పెట్టిన బొట్టు గోధుమరంగుకు తిరిగి ఇంకా అట్లాగే ఉంది. పెట్టి తొమ్మిదేళ్లయింది. ఆ డబ్బా ఇంతవరకు ఒక్కసారి కూడా మొండికేయలేదు.

పెద్దబాపుకు నడుము నొప్పి ఎక్కువై ఎమ్మారై తీయించారు. ఆపరేషన్ పడొచ్చు, పట్నంలో పెద్ద డాక్టరుకు చూపించండని ఇక్కడి డాక్టరు చెప్పాడు. ఆ సీడీ పట్టుకొని ఇద్దరూ మా ఇంటికి వచ్చారు.

"బిడ్డా, గిసొంటిదే ఇంకొకటి కొట్టియ్యి," అంది పెద్దమ్మ. "అసలుది బీరువల పెడ్త. నకలుది పట్నం తీస్కపోతం."

"రెండూ ఒక్కటే పెద్దమ్మా. ఏది తీస్కపోయినా ఫరక్ లేదు."

"ఉంటది బిడ్డా, నీకు తెల్వదు. పోయినసారి ఎక్స్‌రే బస్సుల మర్సి దిగిండు మీ పెద్దబాపు. గిది గూడ పోగొడితె మల్ల గా స్కాన్ మిషిన్ గుహల పండవెడ్తరు."

"గుహల ఏసీ ఉంటదే," అన్నాడు పెద్దబాపు తలుపు చెక్క పట్టుకొని నిలబడే. "ఇంట్ల కన్న మంచిగ నిద్ర పట్టింది."

నకలు తీశాను. బొమ్మలన్నీ కలిపినా కొత్త సీడీలో పావు వంతుకు కొంచెం ఎక్కువ పట్టింది. మిగతా అంతా ఖాళీ. మళ్లీ స్కాన్ తీస్తే అదీ దీంట్లోనే చేర్చొచ్చు, పెద్దబాపు నడుము సంగతంతా ఒకేచోట వరుసగా ఉంటుంది అనుకున్నాను. అందుకే మూయకుండా తెరిచి ఉంచాను. మరిచిపోయి కాదు, ఆలోచించే ఉంచాను. తర్వాత మా కంప్యూటర్‌లోనే తెరిచి చూశాను. బొమ్మలన్నీ వచ్చాయి. మార్కర్‌తో పేరు రాసి, కవర్లో పెట్టి ఇచ్చాను. ఏడో నంబరు నా తలకు జానెడు దూరంలో గోడ మీద ఉంది.

వాళ్లు గురువారం పట్నం పోయారు. ఆదివారం పొద్దున మా అమ్మ, ఎదురింటి వదిన మా అరుగు మీద కూర్చొని చింతపండు గింజలు తీస్తున్నారు. నేను పక్కనే ఉన్నాను. పెద్దమ్మ, ఆమె వెనక పెద్దబాపు వచ్చారు. కవరు నా చేతిలో పెట్టింది.

"తెరుసుకోలే బిడ్డా. డాక్టర్ సాబ్ రెండు కంప్యూటర్లల పెట్టి చూసిండు. గిండ్ల ఏం లేదమ్మా, ఖాళీ సీడీ తెచ్చిన్రు అన్నడు. మల్ల పదిరోజులకు రమ్మన్నడు."

"వచ్చేటప్పుడు నర్సాపూర్ల కూసున్న, కౌడిపల్లిల లేసిన," అన్నాడు పెద్దబాపు. "కూసుంటె నడుము గుంజుతది. నిలవడితె కండక్టరు గుంజుతడు."

ఖాళీ అన్న మాట చెవిన పడగానే నాకు ఏడో నంబరు గుర్తొచ్చింది. ఇది కచ్చితంగా చెప్పగలను, ఎందుకంటే ఆ తర్వాత చాలాసార్లు ఆ క్షణాన్ని వెనక్కి తిప్పి చూసుకున్నాను. గుర్తొచ్చిన తర్వాతే కవర్లోంచి సీడీ బయటికి తీశాను. మెరిసే వైపు, అంచు వెంబడి నాలుగు చోట్ల పసుపు ఉంది. పసుపు మధ్యలో కుంకుమ.

"ఇదేంది పెద్దమ్మా?"

"మంచి పని మీద పోతున్నం గద బిడ్డా."

"గుండ్రంగ ఉన్నదానికి మూలలు యాడివే అంటె ఇనలే," అన్నాడు పెద్దబాపు. "నాలుగు దిక్కులకు పెట్టింది."

అప్పుడు నేను సీడీని అందరికీ కనిపించేట్టు పైకి పట్టుకొని అన్నాను: "పసుపు పెడితె యాడ నడుస్తది పెద్దమ్మా? దీని మీద లైటు పడాలె. కండ్లకు గంతలు కట్టి చదువుమంటె ఎట్ల?"

ఎదురింటి వదిన ముందు నవ్వింది. "డాక్టర్ సాబ్‌కు గూడ జర బొట్టు పెట్టకపోయినవ్ పెద్దమ్మా, మంచిగ కనవడుతుండె!"

అమ్మ నవ్వింది. పెద్దబాపు నడుము పట్టుకొని నవ్వాడు. నేనూ నవ్వాను. పెద్దమ్మ తన కుడిచేతి వేళ్లు చూసుకొని కొంగుకు తుడుచుకుంది. వేళ్లకు అప్పుడు ఏమీ లేదు.

"నాకేం ఎరుక బిడ్డా," అంది.

వాళ్లు పోయాక సీడీని తుడవకుండా అట్లాగే మా కంప్యూటర్‌లో పెట్టాను. బొమ్మలన్నీ తెరుచుకున్నాయి. ఒకసారికి ఒక్కటే మార్చి చూడాలని చదువులో నేర్పారు. సోమవారం ఆ సీడీని ఆఫీసుకు తీసుకుపోయి ఒక పాత కంప్యూటర్‌లో పెట్టాను. ఖాళీ అని చూపించింది. సాయంత్రం ఇంట్లో మూసే పని చేశాను. నిమిషమున్నర పట్టింది. పసుపు ముట్టుకోలేదు. మంగళవారం మళ్లీ ఆఫీసులో పెట్టాను. మొదటి బొమ్మ నుంచి చివరి బొమ్మ దాకా తెరుచుకుంది. సీడీ మీద రాత లోపలి నుంచి బయటికి పోతుంది. పెద్దబాపు వెన్నెముక మధ్య రంధ్రం చుట్టూ ఉంది. పెద్దమ్మ పసుపు బయటి అంచున ఉంది. రెంటికీ మధ్య ఒక వేలు మందం ఖాళీ జాగా ఉంది. కొలిచి చూశాను.

అంత పక్కాగా తెలుసుకున్నవాణ్ని, మూడిళ్ల అవతలికి పోయి చెప్పలేదు.

చెప్పకపోవడానికి కారణాలు దొరికాయి. మొదటి వారం: ఇప్పుడు చెప్తే మరీ గొడవవుతుంది. రెండో వారం: అసలు సీడీ తీసుకొని పోయి వచ్చారు, ఆపరేషన్ అక్కర్లేదు, బెల్టు పెట్టుకొమ్మన్నారు, కాబట్టి నష్టమేమీ కాలేదు. మూడో వారం: పెద్దమ్మ ఎప్పుడో మరిచిపోయి ఉంటుంది. నాలుగో కారణం చెప్పుకోవడం కష్టం, చెప్పకపోతే మిగతా మూడూ అబద్ధం: గల్లీలో కంప్యూటర్ తెలిసినవాడు నేనొక్కణ్నే అన్న పేరు నాకు కావాలి. ఈలోగా వదిన ఆమెను పసుపు సీడీ పెద్దమ్మ అనడం మొదలుపెట్టింది. పరాచికానికే అనేది. విన్నప్పుడల్లా నేను ఫోన్ చూసుకునేవాణ్ని.

నాలుగు నెలలకు బండి కొన్నాను. ఇంటి ముందు నిలబెట్టగానే అమ్మ పళ్లెంలో పసుపు, కుంకుమ, కొబ్బరికాయ సర్దింది. "పోయి పెద్దమ్మను పిల్వు," అంది.

పెద్దమ్మ వాకిట్లో పీట మీద కూర్చొని గోంగూర తుంచుతోంది. పెద్దబాపు నడుముకు బెల్టు కట్టుకొని మంచం మీద ఒరిగి ఉన్నాడు.

"నేనొద్దు బిడ్డా," అంది ఆమె తల ఎత్తకుండా. "ఎదురింటామెతోని పెట్టించుండ్రి."

"ఎందుకు పెద్దమ్మా?"

"నా చెయ్యి గియ్యాలరేపు మంచిగ లేదు. మిషిన్లకైతె అస్సలు పడదు. నువ్వే జెప్తివి గద. రేపు నడిరోడ్డు మీద బండి ఆగితె గప్పుడు నీకు నేనే యాదికొస్త."

"బండికి పసుపుకు సంబంధమే లేదు."

"గందుకే వద్దంటున్న. టేక్మాల్ల మా చెల్లె కొడుకు పెండ్లి కార్డులకు గూడ పెట్టలే. కాళ్లు నొస్తున్నయని ఇంట్లనే కూసున్న. కార్డు మీద పెట్టినంక పెండ్లికేమన్న అయితె ఎవల మొకం జూడాలె?"

తన చెల్లెలి కొడుకు పెండ్లి కార్డులకు ఆమె పసుపు పెట్టలేదు. నేను మూడు మాటలు అన్నాను, అవి టేక్మాల్ దాకా పోయాయి.

చెప్పేశాను. తప్పు నాదని, సీడీ మూయలేదని, పసుపు అంచునే ఉందని, ఆ మంగళవారం నుంచే నాకు తెలుసని అన్నాను. మూయడమంటే ఏమిటో వివరించబోయాను. ఆమె చేత్తో ఆపింది.

"అంటె గా కౌడిపల్లి కాడ నేను నిలవడ్డది నీ తరఫున అన్నట్టు," అన్నాడు పెద్దబాపు. అది హాస్యమో కాదో నాకు తెలియలేదు.

పెద్దమ్మ ఇంకో నాలుగు ఆకులు తుంచింది. తర్వాత నా మొహంలోకి చూసింది.

"గా దినం అరుగు మీద పదిమంది ముందట అన్నవ్. గిప్పుడు ఒక్కదానికి చెవుల జెప్తున్నవ్. గిట్ల వాపస్ తీసుకుంటె అయితదా బిడ్డా?"

వెనక్కి తిరిగి వచ్చాను. మా ఇంటి ముందు అమ్మ, వదిన పళ్లెం పెట్టుకొని నిలబడి ఉన్నారు. "ఏమాయె, వస్తలేదా?" అంది అమ్మ.

"కూరకు తుంచుతున్నది. జర ఆగుండ్రి," అన్నాను. వస్తుందన్నట్టు చెప్పడం ఇంకో అబద్ధం, నోటికి అలవాటుగా వచ్చింది.

లోపలికి పోయి కాగితం ముందు నిలబడ్డాను. పదకొండో జవాబు కింద మూడు వరుసల జాగా ఉంది. రాశాను. పన్నెండు: సీడీ అంచుకు పసుపు పెడితే చెడిపోతుందా? చెడిపోదు. పెద్దమ్మ పెట్టిన సీడీ చెడిపోలేదు. నేను మూయలేదు, తెలిసి కూడా ఆమె మీద నెట్టాను.

గోడ నుంచి కాగితం పీకి బయటికి తెచ్చాను. నోటితో చెప్పేంత ధైర్యం అప్పటికీ లేదు. వదిన చేతికి ఇచ్చాను. ఆమె తడుముకుంటూ, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, పైకే చదివింది. చివరి వాక్యం రెండుసార్లు చదివింది.

"అంటె తప్పు నీదా?"

"నాదే."

"మరి నాలుగు నెలల సంది నాతోని పసుపు సీడీ అనిపిస్తివి గదరా!"

అమ్మ నా వైపు చూడలేదు. పళ్లెం ఎత్తుకొని తానే మూడో ఇంటికి నడిచింది. వదిన కాగితం పట్టుకొని ఆమె వెంట పోయింది. నేను బండి దగ్గర నిలబడ్డాను. అక్కడినుంచి వదిన గొంతు వినిపించింది, మళ్లీ మొదటినుంచి చదువుతోంది. ఈసారి తడుముకోలేదు.

చాలాసేపటికి ముగ్గురూ వచ్చారు. పెద్దమ్మ చేతులు కడుక్కొని వచ్చినట్టుంది, తడిగా ఉన్నాయి. పళ్లెంలో వేలు ముంచి బండి హెడ్‌లైటు దాకా తెచ్చి ఆపింది.

"రేపు దీనికేమన్న అయితె మల్ల నన్ను అనవు గద?"

అమ్మ, వదిన నవ్వారు. పెద్దమ్మ నవ్వలేదు. వేలు అట్లాగే గాలిలో ఉంచి, నా జవాబు కోసం చూస్తోంది.

"అనను పెద్దమ్మా," అన్నాను, అందరికీ వినిపించేట్టు.