మూడు మెట్లు పైకి

నాలుగేళ్లుగా ఒక సంగతి మోస్తున్నాను. డైరీలో కూడా రాయలేదు. ఎవరూ చదవని డైరీకి చెప్పలేనిది మీకెలా చెబుతున్నానో తెలియదు. మీరు నన్ను చూడరు కనుకేమో.

ఈ హిందీ ఊళ్లో, బర్మామైన్స్ పేటలోని మా తెలుగువాళ్ల హాలులో ఆదివారం సాయంత్రాలు కరోకే పెడతాం. నడిపేది నేనే. నలుగురిలో నోరు విప్పలేనిదాన్ని. లాప్‌టాప్ వెనక కూర్చుంటే ముఖం కనబడదని ఒప్పుకున్నాను. ఎవరి గొంతుకు ఏ శ్రుతి సరిపోతుందో నోట్‌బుక్‌లో రాసుకుంటాను. వాళ్లు అడగకుండానే సంగీతాన్ని ఆ శ్రుతికి దించి పెడతాను. పాడేవాళ్లు తమ గొంతే బాగుందనుకుంటారు. అలా అనుకోవాలి కూడా.

అప్పారావు తాతగారికి రెండు మెట్లు తగ్గించాలి. క్రేన్ నడిపి రిటైరైన మనిషి. ఇస్త్రీ చొక్కాతో అందరికన్నా ముందే వచ్చేవారు. పాట ఎక్కడైనా తప్పితే మాత్రం, "మళ్లీ మొదట్నుంచి ఎయ్యమ్మా" అనేవారు.

ఆ ఆదివారం టెల్కో కాలనీ నుంచి కొత్తవాళ్లు చాలామంది వచ్చారు. తాతగారు మూడోసారి మొదట్నుంచి వేయమనగానే వెనక వరుసలో ఎవరో, "దాదాజీ కా రేడియో అటక్ గయా" అన్నారు, తాతగారి రేడియో ఒకేచోట ఇరుక్కుపోయిందని. నవ్వులు. "ఈ రోజుకి చాలు తాతగారూ, మిగతావాళ్లూ పాడాలి కదా" అని మెల్లగా చెప్పాల్సింది నేను. అదే నా పని. నోరు రాలేదు.

లాప్‌టాప్ మీద వేలు మాత్రం కదిలింది. ఆయన శ్రుతికన్నా మూడు మెట్లు పైకి నొక్కాను.

ఎందుకు? గొంతు అందక ఆయనే ఆపేస్తే ఆ నవ్వులు తప్పుతాయనా? అప్పుడలాగే అనుకున్నాను. ఇప్పుడు చూసుకుంటే, ఒక్క మాట చెప్పే కష్టం నాకు తప్పడం కోసం ఒక మనిషి గొంతును అందరి ముందూ విరగ్గొట్టాను. చరణంలో విరిగింది. మైకు నెమ్మదిగా బల్లమీద పెట్టి ఆయన నా దగ్గరికి వచ్చారు.

"ఏటమ్మా, నా గొంతు పోనాదేటి?"

ఆయన తెలుగులో అడిగారు. నేను హిందీలో జవాబిచ్చాను. "ఉమర్ హో గయీ నా, తాతగారూ." తప్పంతా ఆయన వయసు మీద వేసేశాను. అబద్ధం ఆ భాషలో తేలిగ్గా వచ్చింది.

"అదీ నిజమేలే." నా తల నిమిరారు. "నువ్వు బాగానే ఏసినావు. నాదే తప్పు."

తర్వాత ఆయన పాడలేదు. రావడం మాత్రం మానలేదు. చివరి కుర్చీలో కూర్చుని ప్రతివాళ్లకీ చప్పట్లు కొడతారు. ఎవరైనా పాడమంటే గొంతు మీద చెయ్యేసుకుని, "పాడైపోనాదిరా" అంటారు. ప్రతి ఆదివారం నిజం నా పెదవుల దాకా వస్తుంది. చెబితే నాలుగేళ్ల పాటలు తిరిగొస్తాయా? నా తల నిమిరిన ఆ చెయ్యి ఏమంటుంది? నిన్న కూడా చెప్పలేదు.

నోట్‌బుక్‌లో ఆయన పేరు పక్కన ఇంకా అలాగే ఉంది: రెండు తగ్గించాలి. ఆయన గొంతుకేమీ కాలేదు. నేనే చేశాను. రాసినందుకు ఊపిరి కొంచెం ఆడుతోంది. అంతకుమించి ఏమీ లేదు.