గుంపు కట్టిన చేపలు

సునామీ తర్వాత చాలాకాలం మా ఇంట్లో చేపల పులుసు కాగలేదు. ఒక్క మా ఇల్లే కాదు, మా దీవిలో, ఆస్టినాబాద్‌లో మా వీధి వీధంతా మానేసింది. సముద్రం ఎవరెవరిని లోపలికి తీసుకుపోయిందో తెలిశాక, అందులో పెరిగినదాన్ని నోట్లో పెట్టుకోవడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. చేప లేనిదే ముద్ద దిగని మా అమ్మ కూడా పప్పుతో, బంగాళాదుంపలతో నెలలు నెట్టుకొచ్చింది. అలాంటి ఇంటికి మొట్టమొదట వచ్చిన చేపలు ప్లాస్టిక్ సంచిలో, ప్రాణాలతో వచ్చాయి.

ఆ ఆలోచన నాన్నది. ఆయన కరెంటు డిపార్ట్‌మెంటులో పనిచేసేవారు. సునామీ వచ్చిన ఆ ఆదివారం పొద్దున డ్యూటీ మీద దూరాన కార్ నికోబార్ దీవిలో ఉన్నారు. ఇక్కడ నేల ఊగగానే అమ్మ నన్ను ఈడ్చుకుంటూ రోడ్డెక్కింది. ఆ తర్వాత ప్రోతరాపూర్‌లో మావయ్య ఇంట్లో తలదాచుకున్నాం. నాన్న జాడ మాత్రం తెలియలేదు. ఉన్నారని చెప్పేవాళ్ళు లేరు, లేరని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. చివరికి ఒక షిప్‌లో వచ్చి దిగారు, కాళ్ళకు చెప్పుల్లేవు, ఒంటిమీద ఎవరిదో చొక్కా. ఏం జరిగిందని ఎవరడిగినా ఒకటే జవాబు.

"ఏముంది, కొబ్బరిచెట్టెక్కాను. దిగాను."

నవ్వుతూ చెప్పేవారు కాబట్టి మేమూ నవ్వేవాళ్ళం.

ఇంట్లో భయపడేది అమ్మ ఒక్కతే అని మా లెక్క. ముగ్గురం ఒకే గదిలో పడుకోవాలి. తలుపుకు గడియ వెయ్యకూడదు. రేషన్ కార్డు, బిస్కెట్లు, టార్చి సర్దిన సంచి గుమ్మం పక్కనే ఉండాలి. పడుకోబోయే ముందు ఖాళీ సీసాను బోర్లించి దాని మీద స్టీలు గ్లాసు నిలబెట్టేది. నేల కదిలితే గ్లాసు పడి మమ్మల్ని లేపాలని. అప్పట్లో మా వీధిలో ప్రతి ఇంట్లోనూ ఈ సీసా, గ్లాసు ఉండేవి. పిల్లి తోక తగిలినా, బరువు లారీ వెళ్ళినా గ్లాసు పడేది. మేం లేచి పరుగెత్తేవాళ్ళం. నిజంగా నేల కదిలిన రోజులూ ఉన్నాయి కాబట్టి అమ్మను ఏమీ అనడానికి లేదు.

"దీని బదులు అక్వేరియం తెస్తాను. నీళ్ళు కదిలితే కళ్ళకే కనిపిస్తుంది" అన్నారు నాన్న. నిద్రపోతూ నీళ్ళను ఎవరు చూస్తారని మేమెవరం అడగలేదు. అమ్మ కళ్ళకు గ్లాసు కాకుండా ఇంకేదైనా చూపించాలని ఆయన తాపత్రయం.

అబర్దీన్ బజార్‌లో ఒక సందు చివర పెంపుడు చేపల కొట్టుండేది, ముగ్గురం అక్కడికి వెళ్ళాం. సరుకు చెన్నై నుంచి రావాలి. ఆ రోజుల్లో సాయం సామాను దిగాకే మిగతావాటికి చోటు, అందుకని సగం తొట్టెలు ఖాళీ.

అమ్మ మొదటి ప్రశ్న ఒకటే. "ఇవి ఉప్పునీళ్ళవా?"

"నహీ దీదీ, పూరా మంచినీళ్ళవే" అన్నాడు కొట్టాయన. బెంగాలీ మనిషి, మా అందరి భాషలూ కలిపి మాట్లాడేవాడు.

నేను ఫైటర్ చేప కావాలన్నాను. నీలం రంగు, పొడుగు రెక్కలు, ఒక్కటే సీసాలో తిరుగుతోంది. అమ్మ దాన్ని చూసి మొహం తిప్పేసుకుంది. "దీనికెవులూ లేరేటి? ఒంటిగా ఉండేదొద్దు." చారల టైగర్ బార్బులు గుంపుగానే ఉన్నాయి గానీ ఒకదాని తోక ఒకటి కొరుక్కుంటున్నాయి. "మా పెదనాన్నోళ్ళిల్లు లాగుంది. ఇదీ ఒద్దు." నాన్న గోల్డ్ ఫిష్ దగ్గరే నిలబడ్డారు. ఆయనకు తెలిసిన పేరు అదొక్కటే.

అప్పుడు కొట్టాయన మూలనున్న తొట్టె మీద లైటు వేశాడు. వేలి కణుపంత చేపలు, ఒంటి మీద నీలం గీత, దాని కింద ఎర్ర గీత. అన్నీ ఒక్కసారే తిరిగాయి. నియాన్ టెట్రాలట. "ఇవి గుంపుగా బతికే రకం దీదీ. ఆరుకి తగ్గితే తిండి తినవు, బెంగతో చచ్చిపోతాయి."

"బస్, ఇవే" అంది అమ్మ. ఆరు కాదు, డజను తీసుకుంది. సంచిని ఒళ్ళో పెట్టుకుని బస్సులో ఇంటిదాకా ఊపిరి బిగబట్టి కూర్చుంది.

ముందు గదిలో ఇనుప స్టాండు మీద అక్వేరియం వెలిసింది. కొత్త నీళ్ళలో వదలగానే చేపలన్నీ వెనక మూలకు వెళ్ళి ముద్దగా నిలబడ్డాయి. రోజుల తరబడి అక్కడే. అమ్మకు అది ఎంత నచ్చిందో చెప్పలేను. "సూడు, ఒక్కటీ ఇడిపోలేదు" అని వచ్చినవాళ్ళందరికీ చూపించేది. తర్వాత ఒకసారి నేల కదిలింది. మేం బయటికి పరుగెత్తి తిరిగొచ్చేసరికి చేపలు మళ్ళీ ఒకే ముద్ద. అమ్మకు నమ్మకం కుదిరిపోయింది. చేపలు కలిసున్నాయంటే మనకూ ఫరవాలేదు. అవి విడిపోతే ఏదో ముంచుకొస్తోంది.

కొన్నాళ్ళకు వాటికి నీళ్ళు అలవాటయ్యాయి. ఒకటి మొక్కల వెనక, ఒకటి ఫిల్టరు కింద, మిగతావి ఎవరి దారిన అవి. అమ్మకు పైప్రాణాలు పైనే పోయేవి. సంచి భుజాన వేసుకుని మమ్మల్ని రోడ్డు మీదకు లాగేది. సాయంత్రాలు మేం వీధిలో నిలబడితే, "క్యా హువా?" అని పక్కింటివాళ్ళూ వచ్చి మాతో నిలబడేవాళ్ళు. చీకటి పడేదాకా అందరం నేలకేసి చూస్తూ ఉండేవాళ్ళం. ఏమీ జరిగేది కాదు. ఏమీ జరగకపోవడం ఇంకా భయంగా ఉండేది.

ఒకరోజు స్కూలు నుంచి వచ్చి పుస్తకాల సంచి దబ్బున పడేశాను. చెల్లాచెదురుగా ఉన్న చేపలు చటుక్కున గుంపు కట్టాయి. ఇంకోసారి తలుపు దడాలున వేసి చూశాను. మళ్ళీ అంతే. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే హాయిగా విడివిడిగా తిరిగేవి. నీళ్ళు మార్చేటప్పుడు నాన్నతో మెల్లగా చెప్పాను.

"నాన్నా, ఇవి భయమేస్తేనే ఒకచోటికి వస్తున్నాయి."

"నాకూ తెలిసింది. అమ్మతో అనకు" అన్నారు.

అంతలో ఆయనకు మళ్ళీ కార్ నికోబార్ డ్యూటీ పడింది. అక్కడ రేకుల షెడ్లలో ఉంటున్నవాళ్ళకు కరెంటు లైన్లు లాగాలి. అమ్మ రెండు రోజులు పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. చివరికి ఒక్క షరతు పెట్టింది.

"చేపలన్నీ ఒక్కచోట ఉంటేనే మీరు గుమ్మం దాటాల. లేపోతే ఆ షిప్‌ను పోనీయండి."

"ఆఫీసులో ఏమని చెప్పను? చేపలు సెలవిచ్చాయనా?" అని నవ్వారు నాన్న. అమ్మ వంటింట్లోకి వెళ్ళగానే మోకాలితో స్టాండును చిన్నగా తట్టారు. చేపలు ముద్దయ్యాయి. నాకేసి కన్ను కొట్టారు. షిప్ రోజు పొద్దున ఒక్క తట్టు చాలు. మా ఇద్దరికీ ఎంత సరదాగా అనిపించిందో.

ఆ పొద్దున నేను లేచేసరికి నాన్న తయారై, స్టాండు పక్కనే నేలమీద కూర్చుని, దానికి వీపు ఆనించి బూట్ల లేసులు కట్టుకుంటున్నారు. ఎంతసేపటి నుంచి కడుతున్నారో తెలియదు. అమ్మ టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చింది. బయట ఆటో ఆగి ఉంది. నాన్న లేచి, మోకాలు వంచి, అక్వేరియంలోకి చూశారు.

చేపలు అప్పటికే వెనక మూలలో ఉన్నాయి. అడుగున, ఒకదాన్నొకటి ఆనుకుని, అన్నీ ఒకే వైపు మొహం పెట్టి. ఎవరూ తట్టలేదు. తలుపు చప్పుడు కాలేదు. నేను తలెత్తి బల్బు చూశాను. అది ఊగడం లేదు. నా చూపు గుమ్మం పక్కనున్న సంచి మీదికి పోయింది.

అమ్మ మొహం మాత్రం విచ్చుకుంది. "సూసారా, ఒక్కటీ ఇడిగా నేదు. ఎల్లి రండి" అంది. ఆయన తిరిగొచ్చాక అమ్మ నోట 'ఎల్లి రండి' వినడం అదే మొదలు.

నాన్న కదలలేదు. వంచిన మోకాలు అలాగే ఉండిపోయింది.

"భయ్యా, షిప్ టైమ్ హో గయా" అని ఆటోవాడు కేకేశాడు.

"వద్దు" అన్నారు నాన్న.

"ఏటొద్దు?"

"అవి భయపడ్డాయే. భయపడితేనే ఇలా చేరతాయి. నీకు చెప్పలేదు. ఏదో వస్తోంది, వాటికి తెలిసింది." నవ్వబోయారు, రాలేదు. మెల్లగా కిందికి జారి, బూట్లతోనే నేలమీద కూలబడి, రెండు చేతులతో స్టాండు కాలును వాటేసుకున్నారు. చెంప ఇనుముకు ఆనించి కళ్ళు మూసుకున్నారు. కొబ్బరిచెట్టును ఆయన ఎలా పట్టుకున్నారో అప్పుడు చూశాను.

అక్వేరియంలో నీళ్ళు సన్నగా వణకసాగాయి. నేను అమ్మ చెయ్యి పట్టుకుని గుమ్మం వైపు లాగాను. అమ్మ రాలేదు. బల్బుకేసి చూసింది, నీళ్ళకేసి చూసింది, తర్వాత నాన్న భుజాలకేసి చూసింది. అవి ఎలా వణుకుతున్నాయో నీళ్ళూ అలాగే వణుకుతున్నాయి. ఇందాక లేసులు కట్టుకుంటూ ఆయన వీపు ఆనించిందీ ఆ స్టాండుకే. చేపలు ఇంకా దగ్గరికి జరిగాయి.

"వాటికేనా భయం?" అంది అమ్మ నెమ్మదిగా.

అమ్మ ఆటోను పంపెయ్యమని నాకు సైగ చేసి, టిఫిన్ డబ్బా పక్కన పెట్టి, ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని బూట్ల లేసులు విప్పడం మొదలుపెట్టింది.