బాబాయ్ మౌస్‌కి నేను చేసిన ఉపకారం

ఒక్క నొక్కుతో అయిపోయే పనిని లారీడు మామిడికాయలు దించుకునేదాకా ఎలా తీసుకెళ్లాలో తెలుసుకోవాలంటే, మీరు సరైన మనిషి దగ్గరికే వచ్చారు.

అప్పుడు నేను ఇంజినీరింగ్ రెండో ఏడు, అంటే నాకు తెలియనిదంటూ లేని వయసు. సెలవులకి నూజివీడు దగ్గర బాబాయ్ తోటకి వెళ్లాను. మామిడి సొన తగిలి కాలిన ఆయన చూపుడు వేలు, పిన్ని కట్టిన కట్టుతో ములక్కాడంత అయింది. మౌస్ మీద పెడితే రెండు బటన్లూ ఒకేసారి నొక్కుకుపోతున్నాయి. షెడ్డు బయట చిన్నరసాల లారీ సిద్ధంగా ఉంది. హైదరాబాద్ వ్యాపారి ఆర్డరు కంప్యూటర్లోకి వచ్చింది. పదకొండులోపు ‘ఒప్పుకున్నాం’ అన్నది నొక్కకపోతే అది ఇంకో తోటకి పోతుంది.

"ఒరేయ్, కాస్త అది నొక్కి పెట్టరా," అన్నాడు బాబాయ్.

అంత మామూలు పని చెయ్యడానికా నేను ఇంజినీరింగ్ చదువుతున్నది?

"ఇవాళంటే నేను నొక్కుతాను బాబాయ్. రేపెవరు నొక్కుతారు?" అన్నాను.

ఎడమ బటన్ పని కుడిదానికి అప్పగిస్తే ఆయన నడిమివేలితో నొక్కుకోవచ్చు. దానికి రెడీగా సెట్టింగ్ ఉంది. రెడీగా ఉన్నది వాడుకోవడం నాకు నామోషీ. తెర మీది విండోలను నడిపే వ్యవస్థలో, ఏ బటన్ ఏ పని చెయ్యాలో చెప్పే ఫంక్షన్ ఒకటుంది. మూడు బటన్లకీ మూడు అంకెలిస్తే చాలు. ప్రోగ్రాం రాసేశాను. కంప్యూటర్ తెరిచిన ప్రతిసారీ దానంతటదే నడిచేలా పెట్టాను. పాత పద్ధతికి వెళ్లడానికి తెర మీద అందమైన ఆకుపచ్చ బటన్ కూడా పెట్టాను. దాన్ని మౌస్‌తోనే నొక్కాలన్న సంగతి దయచేసి గుర్తుంచుకోండి.

ప్రోగ్రాములు రాసేవాళ్లం సున్నా నుంచి లెక్కపెడతాం. ఆ ఫంక్షన్ మాత్రం మామూలు మనుషుల్లా ఒకటి నుంచి లెక్కపెడుతుందట. సున్నా ఇస్తే ఆ బటన్‌ని చంపేస్తుందట. ఈ ముక్క దాని గురించి రాసిన పేజీలో మొదట్లోనే ఉంది, చదివేవాళ్ల కోసం.

నేను సున్నా ఇచ్చిన కుడి బటన్ చచ్చింది. ఎడమది ఎంత నొక్కినా ఉలకదు, పలకదు. కంప్యూటర్ ఆపి మళ్లీ తెరిస్తే ఆర్డరు దానంతటదే తెర మీదికొచ్చింది కానీ, నా ప్రోగ్రాం నాకంటే ముందే లేచి కూర్చుంది. కీబోర్డుతో చెయ్యొచ్చుగా అంటారా? ఆ తెలివి ఇప్పుడు నాకూ ఉందండీ.

"ఏంట్రా, ఇంకా అవలేదా?"

"అయిపోయింది బాబాయ్, చిన్న కరెక్షన్."

ఆ చిన్న కరెక్షన్‌లోనే పదకొండు దాటింది.

అంతలో పిన్ని వచ్చి, మౌస్ నిండా దుమ్మే ఉంటే అదేం పనిచేస్తుందని గుడ్డ పెట్టి తుడిచింది. మధ్యలోని చక్రం నొక్కుకుపోయింది. నేను పెట్టిన బాణం గుర్తు ఇంకా ‘ఒప్పుకున్నాం’ మీదే ఉంది. ఆ నొక్కు ఠక్కున దానిమీద పడింది. ఎడమ బటన్ పని నేను చక్రానికి అప్పగించానని అప్పుడు తెలిసింది. ‘గడువు ముగిసింది’ అంది తెర.

లారీ దించే పని నాకే పడింది. మర్నాటికి సొన తగిలి నా చూపుడు వేలూ కాలింది, పిన్ని కట్టూ కట్టింది. ఇంటికి వస్తున్నానని అమ్మకి మెసేజ్ పెట్టబోతే ఫోన్‌కి నా వేలు ఆనలేదు. కాస్త నొక్కి పెట్టమని బాబాయ్‌ని అడిగాను.

ఆయన కళ్లజోడు సర్దుకుని తాపీగా అన్నాడు: "ఇవాళంటే నేను నొక్కుతాను. రేపెవరు నొక్కుతార్రా?"

అందుకే చిన్నరసం మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇకమీదట ఎవరు ఏది నొక్కమన్నా నొక్కుతాను. నోరు మూసుకుని నొక్కుతాను.