నాయనమ్మ ఎక్కిన లాంచీ, నేను ఎక్కని లాంచీ

ఆ రోజుల్లో తెనాలి బజారులో పెరిగిన పిల్లవాడికి ఎక్కాల కన్నా ముందు బేరం వచ్చేది. మా నాన్నది ఇత్తడి సామాన్ల కొట్టు, ఎదురుగా మేనమామ బట్టల కొట్టు, నాలుగడుగులు వేస్తే పెదనాన్న పచారీ కొట్టు. ఇన్ని గల్లాపెట్టెల మధ్య పెరిగినవాణ్ణి కనక, అమ్మేవాడి కనుబొమలు చూసి అతను ఎంతవరకు దిగుతాడో చెప్పేవాణ్ణి. ఆ విద్యకు ప్రాణమంతా ఒకే చోట ఉండేది: కొట్టు మెట్లు దిగడంలో. ధర నచ్చలేదని చెప్పి, చెప్పులు తొడుక్కుని, ఇక ఈ జన్మలో ఈ వీధికి రానన్నట్టు నడిచిపోవాలి. కొట్టువాడు వెనకనుంచి పిలుస్తాడు. మొదటి పిలుపుకే తిరిగితే మన పని అయిపోయినట్టే. రెండో పిలుపుకు నడక కాస్త మందగించవచ్చు. మూడో పిలుపుకు, పోనీలే పాపం అన్నట్టు, తల తిప్పాలి. (మా నాన్నకు ఈ విద్య రెండు వైపుల నుంచీ వచ్చు. గద్దె మీద కూర్చుని, దిగిపోతున్నవాణ్ణి ఎన్నో అడుగుకు పిలవాలో ఆయన వేళ్ల మీద లెక్కపెట్టేవాడు.) పందొమ్మిదేళ్లకే నాకు ఎంత పేరొచ్చిందంటే, చుట్టాల ఇళ్లలో పెళ్లి బట్టలు కొనాలంటే పెళ్లికొడుకు లేకపోయినా ఫరవాలేదుగాని నేను లేకపోతే బండి కదిలేది కాదు.

అందుకే నాయనమ్మను హంసలదీవి తీసుకెళ్లే పని నాకు అప్పగించారు. మాఘ పౌర్ణమినాడు కృష్ణ సముద్రంలో కలిసేచోట ఒక్క మునక వేయాలని ఆవిడకు ఎన్నాళ్లనుంచో కోరిక. తాతయ్య బతికున్నప్పుడు తీసుకెళ్తానని ప్రతి ఏడూ అనేవాడట, ప్రతి ఏడూ ఆ రోజుకు కొట్లో ఏదో ఒక పని పడేదట. ఆయన పోయాక ఆవిడ అడగడమే మానేసింది. డెబ్భై దాటాయి, ఒంటరిగా పక్క వీధికి కూడా వెళ్లి ఎరగదు. ఆ ఏడు రేపల్లె దగ్గర పెనుమూడి రేవు నుంచి కొత్తగా ఎవరో లాంచీ వేస్తున్నారని, పొద్దున్నే తీసుకెళ్లి సాయంత్రానికి వెనక్కి తెస్తారని కబురొచ్చింది. "కొత్త కంపెనీ, రేట్లు వాళ్లకే తెలియవు. వీడైతే సరిగ్గా మాట్లాడతాడు," అన్నాడు నాన్న. ఆ మాటకు నేను రెండు రోజులు నేల మీద నడవలేదు.

మా ఇంట్లో ఎవరూ లాంచీ ఎక్కినవాళ్లు లేరు. సలహా కోసం బాపట్ల బాబాయికి ఉత్తరం రాశాం. ఆయన కూడా ఎక్కలేదు కాని, ఆదివారం ఆదివారం సూర్యలంక వెళ్లి ఒడ్డున కూర్చుని సముద్రాన్ని చూసేవాడు కాబట్టి వంశంలో నీటి విషయాలకు ఆయనే పెద్ద. తిరుగు టపాలో కార్డు వచ్చింది. చీమ తలకాయలంత అక్షరాలతో, మొదటిసారి లాంచీ ఎక్కేవాళ్లు పాటించవలసినవి పది. కడుపు ఖాళీగా ఉంచవద్దు, నిండుగానూ ఉంచవద్దు. నిమ్మకాయ రొంటిన దోపుకోవాలి. నీళ్ల వంక చూడవద్దు, దూరంగా ఒడ్డు వంక చూడాలి. ఒడ్డు కనపడకపోతే కళ్లు మూసుకోవాలి. పెరుగన్నం పనికిరాదు, పులిహోర మంచిది. ఇలా నడిచి నడిచి చోటు చాలక, చిరునామా పక్కన అడ్డంగా, "అమ్మను మేడ మీద కూర్చోబెట్టు, కింద ఇంజను పొగ," అని ముగించాడు. ఆ కార్డు నేను కంఠతా పట్టాను. ఎక్కాక ఏం చేయాలో అందులో పదీ ఉన్నాయి. ముందు ఎక్కాలి అన్నది మాత్రం లేదు.

పెనుమూడి రేవులో తాటాకు పందిరి కింద బల్ల వేసుకుని ఒక గుమాస్తా కూర్చున్నాడు. మాట మాటకూ మధ్య పొడుం పట్టు పీల్చే మనిషి, నేను మనసులో పొడుం గుమాస్తా అని పేరు పెట్టుకున్నాను. లాంచీ ఒడ్డునే ఉంది. కింద చెక్క బల్లలు, పైన గుడారం గుడ్డ కట్టిన మేడ, మేడ మీద పేము కుర్చీలు. కింద జనం కిటకిటలాడుతున్నారు, పైన సగం కుర్చీలు ఖాళీ. ఖాళీ కుర్చీలను చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. అమ్ముడుపోని సరుకున్నవాడు ఎక్కడికి పోతాడు?

"మేడ మీద రెండు ఇవ్వండి, కింద రేటుకి," అన్నాను.

"కింద రేటు కిందకేనండి. మేడ రేటు మేడకండి."

"బస్సు టాపు మీద కూర్చున్నవాడి దగ్గర ఎక్కువ పుచ్చుకుంటారా, తక్కువా?"

"తక్కువేనండి."

"మరి ఇదీ పైనే కదండీ. ఎండా మాదే, గాలీ మాదే."

"బస్సు టాపు మీద కుర్చీలుండవండి," అన్నాడు పొడుం దులుపుకుంటూ. "తొందరగా తేల్చండి. పోటు నిండింది, పాటు మొదలైతే దారిలో ఇసుక తిన్నెలు తేలతాయి."

పోటూ పాటూ నాకు తెలియవు. తొందరపెట్టడం మాత్రం తెలుసు, అది మా మేనమామ రోజుకు పదిసార్లు చేసే పని. ఈలోగా వెనక ఒక ఘోరం జరిగింది. కొల్లూరు లంకల్లో అరటితోట ఉన్న ఒక పెద్దావిడ, మంచి పుష్టిగల మనిషి, "ఎండలో ఎందుకు మామ్మగారూ, లోపల కూర్చుందురుగాని రండి," అంటూ నాయనమ్మ రెక్క పట్టుకుని ఒడ్డుకు వేసిన చెక్క మీదుగా లాంచీలోకి తీసుకుపోయింది. ఓరకంట చూసి నేను చల్లబడిపోయాను. నాయనమ్మ క్షేమం గురించి కాదు, సరుకు సంచీలో పడ్డాక బేరమాడేవాడి మాటకు విలువేముంటుంది? ఆ బలహీనత కప్పిపుచ్చుకోవాలంటే మరింత గట్టిగా మెట్లు దిగాలి. "అయితే వద్దులెండి. మా నాయనమ్మను దింపేస్తాను, ముందు ఒక సోడా తాగి వస్తాను," అని బట్టల మూట భుజాన వేసుకుని రేవు గట్టు ఎక్కడం మొదలుపెట్టాను.

పన్నెండో అడుగుకు వెనకనుంచి ఒక పిలుపు వినపడింది. ఇంజను చప్పుడులో మాట తెలియలేదుగాని పిలుపన్నది ఖాయం. నేను తిరగలేదు. రెండోది వినపడింది, నడక మందగించాను. మూడోది వినపడింది. ధర్మంగా అప్పుడు తిరగాలి. కాని ఖాళీ కుర్చీలు కళ్ల ముందు ఆడుతుంటే, నాలుగో పిలుపు దాకా ఆగితే ఈ పొడుం గుమాస్తా టిఫిన్ కూడా కలిపి ఇస్తాడేమోనని ఆశ పుట్టింది. నాలుగో పిలుపు లాంచీ కూత. తిరిగి చూస్తే ఆ చెక్క ఒడ్డున పడి ఉంది, దానికీ లాంచీకీ మధ్య నాలుగు బారల నీళ్లున్నాయి, చూస్తుండగానే పదిహేనయ్యాయి. కొట్టు నేల మీద ఉంటుంది కాబట్టే కొట్టువాడు పిలుస్తాడన్న సంగతి, అన్ని కొట్ల మధ్య పెరిగిన నాకు అంతవరకూ తట్టలేదు.

పరుగెత్తుకుంటూ దిగాను. "ఆపండి, ఆపమనండి," అని గుమాస్తా బల్ల మీద అరచేత్తో దబదబా బాదాను. (రేపల్లె బస్సుల్ని అలాగే ఆపేవాళ్లం.)

"బల్ల బాదితే లాంచీ నడిపే సరంగుకెలా వినపడుద్దండి," అన్నాడాయన నెమ్మదిగా.

"మేడ రేటే ఇస్తాను. రెట్టింపు ఇస్తాను."

"ఇప్పుడెందుకండీ. అమ్మడానికి లాంచీ ఏదండీ నా దగ్గర?"

ఆ పూట నేను పడ్డ బాధ రాయాలంటే కలం కదలదు. ఆవిడ దగ్గర టిక్కెట్టు లేదు, మార్చుకునే చీర లేదు, పులిహోర లేదు, ఆఖరికి నిమ్మకాయ కూడా నా రొంటినే ఉంది. నది మీద ఎక్కడో టిక్కెట్టు లేదని దింపేస్తారని, అల లాక్కుపోతుందని, ఆ జనంలో ఒక్కతే నా పేరు పెట్టి అరుస్తుందని ఒకదాని తర్వాత ఒకటి తోచాయి. తెనాలి వెళ్లి నాన్నతో ఏమని చెప్పను? కుర్చీ దగ్గర బేరం కుదరక మీ అమ్మను పోగొట్టానని చెప్పనా?

పక్కనే వల సర్దుకుంటున్న పడవవాడి దగ్గరికి పోయాను. అతను ఒక రేటు చెప్పాడు, నేను సరేనన్నాను. అతను చేతిలో వల కింద పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏంటి బాబూ, బేరమాడలేదు. ఇంట్లో పోట్లాడొచ్చావా? మధ్యలో దూకుతానంటే నేను రాను."

దూకనని మా ఇంటిదేవుడి మీద ఒట్టు పెడితేగాని పడవ తియ్యలేదు. లాంచీ అప్పటికే మలుపు తిరిగింది. తెడ్డుతో ఇంజనును అందుకోలేమని ఇద్దరికీ తెలుసు, అయినా ఒడ్డున నిలబడలేక బయల్దేరాను. రెండు మైళ్లు పోయామో లేదో గుమాస్తా చెప్పిన పాటు వచ్చింది. నీళ్లు పక్కకు తప్పుకున్నట్టు తీసేశాయి, పడవ ఇసుక తిన్నె మీద బొడ్డు ఆనించి ఒరిగింది.

"ఎప్పుడు లేస్తుంది?" అన్నాను.

"మళ్లీ పోటొచ్చినప్పుడు."

"ఎప్పుడొస్తుంది?"

"దానికి బుద్ధి పుట్టినప్పుడు. సాయంత్రం. ఆ మూటలో ఏంటి బాబూ, పులిహోర వాసనొస్తంది."

మూట విప్పి అతని ముందు పెట్టాను. పులిహోరంతా అతనే తిన్నాడు, తింటూ మధ్యమధ్య నన్ను ఓదార్చాడు. "ముసలమ్మలకేం కాదు బాబూ. మా అవ్వ రెండుసార్లు పడవ తిరగబడితే రెండుసార్లూ తేలింది." రెండుసార్లు తిరగబడిందన్న మాటే నా చెవుల్లో మిగిలింది. నెత్తిన ఎండ, నాలుగు పక్కలా ఇసుక. బాబాయి కార్డు ప్రకారం దూరంగా ఒడ్డు వంక చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడెవరైనా వెనకనుంచి పిలిస్తే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు.

పొద్దు వాలుతుండగా పోటుతో పాటే లాంచీ కూత వినపడింది. మూట నెత్తిన పెట్టుకుని మోకాలి లోతు నీళ్లలోకి పరుగెత్తి చూస్తే, మేడ మీద మొదటి వరసలో, పేము కుర్చీలో ఒక పూల చీర ఆవిడ దర్జాగా కూర్చుని ఉంది. తాతయ్య పోయిన దగ్గర్నుంచి తెల్లచీర తప్ప కట్టని మా నాయనమ్మ అని గుర్తుపట్టడానికి నాకు కొంతసేపు పట్టింది. ఆవిడ నన్ను చూసి, పక్కనున్న కొల్లూరు ఆవిడకు వేలితో చూపించి ఏదో చెప్పింది. మేడంతా లేచి నిలబడి నన్ను చూసింది. లాంచీ ఆగలేదు, దాని అలకు నేను కూలబడ్డాను, మూట తడవకుండా కాపాడుకోవడం ఒక్కటే ఆ రోజు నేను సరిగ్గా చేసిన పని.

మా పడవ లేచి రేవుకు చేరేసరికి ఆవిడ గుమాస్తా బల్ల దగ్గర నా కోసం కాచుకుని ఉంది.

"తిరిగి చూడవేంట్రా? మూడుసార్లు పిలిచాను, బయల్దేరుతోందని," అంది.

"నువ్వా పిలిచింది?"

"మరి ఇంకెవరు పిలుస్తారు నిన్ను?"

"మేడ మీదికి ఎవరు పంపారు నాయనమ్మా?"

"కింద పొగగా ఉంది నాయనా, పెద్దదాన్నని చెప్పాను. పైన కూర్చోమన్నారు. టిక్కెట్టు అడిగితే నా మనవడు తెస్తున్నాడన్నాను. అబద్ధమేముంది, తెస్తూనే ఉన్నావు కదా."

మేడ రేటు మారుమాట్లాడకుండా కట్టాను. పొడుం గుమాస్తా కూడా మారుమాట్లాడకుండా పుచ్చుకున్నాడు, ఆయన పెద్దమనిషి. పందిరి వెనక నాయనమ్మ మూటలోని తెల్లచీర కట్టుకుని, పూల చీర మడతపెట్టి కొల్లూరు ఆవిడకు ఇచ్చేసింది. "ఉంచుకోండి మామ్మగారూ," అందావిడ. "వద్దమ్మా, ఒక రోజుకు చాలు," అంది నాయనమ్మ. మడత మీద చెయ్యి మాత్రం వెంటనే తియ్యలేదు.

ఆ రాత్రి రేపల్లె సత్రంలో పడుకుని, పొద్దున్నే తెనాలి చేరాం. బండిలో దారి పొడుగునా నాన్నకు చెప్పవలసిన మాటలు కూడబలుక్కున్నాను. గుమ్మంలోనే ఆయన, "వీడు బాగా చూసుకున్నాడా?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా ఆవిడ చెప్పేసింది. "చెయ్యి వదిల్తేనా? ఇటుపక్క కృష్ణ మజ్జిగ రంగు, అటుపక్క సముద్రం నీలం, మధ్యన గీత గీసినట్టుంది. ఆ గీత మీద నిలబెట్టి ముంచాడు. మొదటి అల కాళ్లకు తగిలి జిల్లుమంటే వణికిపోయాను, గట్టిగా పట్టుకున్నాడు. అంతే కదరా?" చెయ్యి పట్టుకున్నది కొల్లూరు ఆవిడ. "అంతే నాయనమ్మా," అన్నాను.

తర్వాత ఆవిడ బతికిన ఎనిమిదేళ్లూ ఇంటికొచ్చినవాళ్లందరికీ అదే చెప్పింది. చెప్పినప్పుడల్లా నా బలం పెరిగేది. ఒకసారి ఇంకో ముసలమ్మను కూడా నేనే ఒడ్డుకు లాగాను. ఆ పేరు ఊళ్లో పాకి, మొదటిసారి లాంచీ ఎక్కేవాళ్లు మా కొట్టుకు సలహాలకు వచ్చేవారు, బిందె కొంటూ అడిగేవారు. నేను గద్దె మీద కూర్చుని చెప్పేవాణ్ణి. ఎవరికైనా నిజం చెప్పేద్దామని ఒకటి రెండుసార్లు అనుకున్నానుగాని, అది నా ఒక్కడి అబద్ధం కాదు కదా.

ఇప్పుడు పెనుమూడి దగ్గర వంతెన ఉంది, బస్సెక్కితే పూటలో వెళ్లి రావచ్చు. మా ఆవిడ ఎన్నోసార్లు అడిగింది, ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. ఆవిడ పక్కన ఆ ఒడ్డున నిలబడి, మొదటిసారి చూస్తున్నవాడి మొహం ఎక్కడ దాచుకోను? నాకూ డెబ్భై దాటాయి. సంగమం ఎలా ఉంటుందండీ అని ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతారు. మజ్జిగ రంగూ నీలమూ మధ్యన గీతా చెబుతాను, మొదటి అల సంగతికి వచ్చేసరికి పడక్కుర్చీలో పాదాలు నాకు తెలియకుండానే వెనక్కి ముడుచుకుంటాను. నీళ్లు అంత చల్లగా ఉంటాయి.