రెండు గడుల బేరం

నా జీవితంలో చేసిన అతి గొప్ప బేరం గురించి చెబుతాను. నలభై వేలు చెప్పిన సాఫ్ట్‌వేర్‌ను ఇరవై వేలకు దించాను. హిందూపురం బజారులో ఇప్పటికీ ఆ రికార్డు నాదే అనుకుంటాను.

మాకు హిందూపురంలో ఒక స్కూలు, పెనుకొండలో దాని బ్రాంచి ఉండేవి. నాయనది చింతపండు మండీ. ఆ మండీ మిద్దె మీదే నా ఆఫీసు. అయ్యవార్ల పాఠాన్ని వెనక బెంచీలో కూర్చుని చూసి, పట్టిక ప్రకారం మార్కులు వేసే సాఫ్ట్‌వేర్‌లు అప్పుడప్పుడే వస్తున్నాయి. ఒక్కో అంశానికి నాలుగు గడులు. అడుగున "ఇంకా రాలేదు", పైన "చాలా బాగుంది", మధ్యలో మరో రెండు మెట్లు. చివర, చూసినవాళ్లు సొంత మాటల్లో రాయడానికి చోటు.

ఇద్దరు అమ్మడానికి వచ్చారు. బెంగళూరు నుంచి వచ్చినామె ముప్పై వేలంది, రూపాయి దిగనంది. పైగా కొనేముందు ఆ పట్టికను కాగితం మీద గీసుకుని రెండు క్లాసుల్లో కూర్చుని చూడమంది. సరుకు ఇవ్వకముందే పని చెప్పే మనిషి నాకు నచ్చలేదు. రెండో ఆయన నలభై అన్నాడు. నేను పదిహేనన్నాను. ఆయన రెండుసార్లు మెట్లు దిగిపోయి రెండుసార్లూ తిరిగొచ్చాడు. అలాంటి మనిషిని చూస్తే నాకు ప్రాణం లేచొస్తుంది. చివరికి ఆయనే దారి చూపాడు.

"నాలుగు గడులు మీకేటికి సార్? రెండు పెట్టుకోండి. ఉండాది, లేదు. ఆ రాసే చోటు కూడా తీసేస్తా. ఇరవైకి ఇస్తా."

కింద నాయనకు వినిపించేలా సరేనన్నాను.

పట్టికలోని పది అంశాల్లో ఐదింటికైనా "ఉంది" రానివాళ్లకు జూన్ నుంచి ఉద్యోగం లేదని రూలూ నేనే పెట్టాను. ఉత్తరం కంప్యూటరే అచ్చు వేసేది, నేను చదవకుండా సంతకం పెట్టేవాణ్ని.

పెనుకొండలో సైన్సు చెప్పే మేడమ్‌కు మూడే వచ్చాయి. క్లాసు నిశ్శబ్దంగా ఉందా? లేదు. బోర్డు నిండా నోట్సు ఉందా? లేదు. పిల్లలు అడిగిన దానికి వెంటనే జవాబు చెప్పారా? లేదు. అక్కడి హెడ్మాస్టరు చూసినదే నింపాడు పాపం, అబద్ధమేమీ లేదు.

ఆమె ఉత్తరం పట్టుకుని ప్యాసింజరు రైల్లో వచ్చింది. దారి చూపిస్తానని నాయన కూడా వెంట మిద్దెక్కాడు. ఆమె ఏడవలేదు, బతిమాలలేదు.

"సార్, ఈ రెండు గడుల్లో నేను యాడా లేను. నా క్లాసులో పిల్లోళ్లు మాట్లాడతారు. ఏం మాట్లాడతాండారో ఎవరన్నా విన్నారా?"

నేను నోరు విప్పేలోగా నాయన అందుకున్నాడు.

"అయివార్లను ఎన్ని కుప్పలు పోసినావురా?"

రెండన్నాను.

"చింతపండునే రకం చూసి ఆరు కుప్పలు పోస్తాండాము. రెండే పోసింటే ఈ మండీ ఎప్పుడో మూసుకుంటాంటిమి."

ధర్మవరంలో ఒక స్కూలువాళ్లు ఐదు నూర్లు ఎక్కువిస్తామని పిలుస్తున్నారని, సోమవారానికల్లా మాట చెప్పాలని ఆమె చెప్పి వెళ్లింది.

శనివారం పెనుకొండ వెళ్లి, స్కేలుతో నాలుగేసి గడులు గీసిన కాగితంతో వెనక బెంచీలో కూర్చున్నాను. బెంగళూరామె చెప్పిన పనే, మూడు నెలలు ఆలస్యంగా. అయస్కాంతాన్ని విరిస్తే ఒక్కో ముక్కకు ఒక్క ధ్రువమే మిగులుతుందని ఒక పిల్ల వాదిస్తోంది. ఇంకో పిల్ల కాదంటోంది. మేడమ్ ఏమీ తేల్చలేదు. విరిచి చూడమంది. విరిచారు. ప్రతి ముక్కకూ మళ్లీ ఉత్తరం, దక్షిణం రెండు ధ్రువాలూ ఉన్నాయి. వాదించిన పిల్ల ముఖం చూశాను. విరిగిన సరుకు ఖరీదు గురించి నేను ఆలోచించకపోవడం అదే మొదటిసారి.

గడులు చాలక కాగితం వెనక కూడా రాశాను. సంతకం, స్కూలు ముద్ర వేసి ఆమె చేతికిచ్చి, ఉత్తరం రద్దన్నాను. జీతం మూడు నూర్లు పెంచుతానన్నాను. ఐదు అందామని నాలిక దాకా వచ్చింది, అలవాటు అడ్డుపడింది. ఆమె కాగితం రెండుసార్లు చదివి, మడిచి బ్యాగులో పెట్టుకుంది.

సోమవారం ఫోను చేసింది.

"సార్, ధర్మవరంలో చేరినా. మీరు రాసిన కాయితం చూసి ఎనిమిది నూర్లు ఎక్కువిస్తామన్నారు. చెప్పకుండా పోతే బాగుండదని చేస్తాండా."

నా బేరం మీద బేరం ఆడిన మనిషిని అభినందించక తప్పలేదు.

తరువాత సాఫ్ట్‌వేరాయనను పిలిచి, తీసేసినవన్నీ మళ్లీ పెట్టమన్నాను. తీసేటప్పుడు మాటతో పోయింది గానీ, పెట్టాలంటే పనుండాదన్నాడు. ఇరవై రెండు వేలు. ఈసారి మెట్లు దిగడానికి సిద్ధపడింది నేను. కానీ ఆఫీసు నాది, ఎక్కడికని పోను?

ఇరవై, ఇరవై రెండు, మొత్తం నలభై రెండు వేలు. మొదట చెప్పిన నలభై కంటే రెండు వేలెక్కువ, బెంగళూరామె అడిగిన దానికంటే పన్నెండు వేలెక్కువ. దాని మీద విరిగిన అయస్కాంతం ఒకటి. ఇక ఆ మేడమ్‌ను, నేనన్న మూడు నూర్లకూ నాలిక దాకా వచ్చి ఆగిన ఐదు నూర్లకూ మధ్య, నెలకు రెండు నూర్ల దగ్గర పోగొట్టుకున్నాను.