మోర్వియే గుడికి ఆరు నెలల గడువు

పాశ్చాత్య నాగరికత పతనం ఎప్పుడు మొదలైందో ఓబెన్ రుయార్‌కు తేదీతో సహా తెలుసు. 1303 సెప్టెంబరు 7. ఆ రోజు ఫ్రాన్సు రాజుగారి మనుషులు పోపుగారి మీద చెయ్యి చేసుకున్నారు. రాజు తన పైన ఎవరూ లేరనుకున్న రోజు అది. ఆ తరువాత వచ్చిన లూథరూ, విప్లవమూ, మరో రాజుగారి తల తెగడమూ, ఆదివారం సూపర్ మార్కెట్లు తెరవడమూ అన్నీ ఆ ఒక్క తప్పు పెట్టిన పిల్లలేనని ఆయన వాదన. కెఫేలో ఎవరైనా పెట్రోలు ధర ఎత్తినా సరే, రెండో గ్లాసు ముగిసే లోపు సంగతి 1303కు చేరేది. జనం నవ్వేవారు. ఆయనా నవ్వేవాడు కాని, ఒక్క ఏడాది కూడా తగ్గించేవాడు కాదు.

వృత్తి ఇళ్ళ కప్పులకు రాతి పలకలు వెయ్యడం. నలభై ఏళ్ళు ఆంజూ ప్రాంతమంతా తిరిగి వేశాడు. సొంత ఊరు మోర్వియేలో గుడి కప్పును మూడుసార్లు బాగుచేసింది ఆయనే. ఆ గుడిలో పూజకు మాత్రం కూర్చునేవాడు కాదు. ఫాదర్ జనం వైపు తిరిగి, వంటకాలు వడ్డించేవాడిలా బల్ల వెనక నిలబడి, ఫ్రెంచిలో చేసే కొత్త పూజలో అడుగు పెట్టనని ముప్పయ్యో ఏట ఒట్టు పెట్టుకున్నాడు. ప్రతి ఆదివారం అరవై కిలోమీటర్లు కారు తోలుకుంటూ పాత లతీను పూజకు పోయేవాడు. భార్య సొలాంజ్ ఊరి పూజకు నడిచి వెళ్ళేది. ఈ సంగతి ఇద్దరూ మాట్లాడుకోవడం మానేసి చాలా కాలమైంది. అందుకే కాపురం సజావుగా సాగింది.

గుడి గోడలు మునిసిపాలిటీవి, లోపలి పూజ ఫాదర్‌ది. మేయరు మార్తీన్ బోసేకు దేవుడి మీద నమ్మకం లేదు, పగా లేదు. కారుతున్న కప్పు కింద ఖాళీగా ఉన్న గుడి కంటే ఊరికి ఆసుపత్రి మేలని ఆమె లెక్క. చట్టం కూడా దారి చూపింది. వరుసగా ఆరు నెలలు పూజ జరగని గుడిని మామూలు కట్టడంగా ప్రకటించమని ఊరు కోరవచ్చు. ఆ పైన కూల్చడానికి అడ్డుండదు. పద్నాలుగు ఊళ్ళకు ఒక్కడే అయిన ఫాదర్ కోమ్లాన్ కిందటేడు చలికాలం ముందు వచ్చినవాడు మళ్ళీ రానేలేదు.

చివరి పూజ ఏ రోజు జరిగిందో తేల్చడానికి గుడి రిజిస్టరు తీస్తే అందులో ఫాదర్ 'క్రీస్తురాజు పండుగ' అని రాసి వదిలేశాడు. అది ఏ తేదీయో ఆఫీసులో ఎవరికీ తెలియలేదు. ఊళ్ళో పండుగలన్నీ కంఠతా వచ్చినవాడు ఒక్కడే కదా అని ఓబెన్‌ను రాసిమ్మన్నారు. అక్టోబరు చివరి ఆదివారం, ఇరవై ఎనిమిది. రాస్తున్నప్పుడే ఆయనకు అర్థమైంది. ఆరు నెలలు ఏప్రిల్‌తోనే అయిపోయాయి, ఇది మే నెల. అయినా అబద్ధం రాసి గుడిని నిలబెట్టడం ఆయన వల్ల కాదు. సంతకం చేసి ఇచ్చి, ఇంటికొచ్చి గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. ఏడుపొచ్చింది, ఏడ్చాడు.

మర్నాడు మధ్యాహ్నం సూపు వడ్డిస్తూ సొలాంజ్ ఏం రాసిచ్చావని అడిగింది. చెప్పాడు.

"అక్టోబరా? నీకేమైనా మతి పోయిందా ఓబెన్? ఆ రోజు నేను ఉన్ని కోటు వేసుకెళ్ళాను. గుమ్మం ముందు మంచు పేరుకుంది. తరవాతి ఆదివారమే కదా క్రిస్మసు ముందటి ఆగమన కాలం మొదలైంది."

ఆయన చెంచా కింద పెట్టాడు. లతీను పూజవాళ్ళ పాత కాలెండరులో క్రీస్తురాజు పండుగ అక్టోబరు చివర. కొత్త కాలెండరులో దాన్ని నవంబరు చివరికి జరిపి యాభై ఏళ్ళయింది. ఆ మార్పును ఓబెన్ పట్టించుకోలేదు, పంతం పట్టి మరీ పట్టించుకోలేదు. పూజ జరిగింది నవంబరు ఇరవై అయిదున. అంటే గడువు మే ఇరవై అయిదు దాకా ఉంది. తాను తిట్టిపోసిన కాలెండరే గుడికి ఇంకా పదహారు రోజులు మిగిల్చింది. చేజేతులా ముంచబోయింది తానే.

ఆ సాయంత్రమే మేయరు గదికి వెళ్ళి తప్పు తనదేనని ఒప్పుకున్నాడు. గుమస్తాలు నవ్వు ఆపుకోలేకపోయారు. ఆయన తల వంచుకోలేదు. మేయరమ్మ కాగితం తిరగేసి చూసి, ఇరవై అయిదు లోపల పూజ జరిగితే తన దరఖాస్తు చించేస్తానంది. జరిగిందో లేదో స్వయంగా వచ్చి చూస్తానని కూడా చెప్పింది.

ఫాదర్ కోమ్లాన్ ఆఫ్రికాలోని టోగో మనిషి, నలభై దాటలేదు. ఓబెన్ వెళ్ళేసరికి పూజ అంగీ ఇస్త్రీ చేసుకుంటున్నాడు. ఓబెన్ సంగతి నేరుగా అడగలేక 1303 నుంచి ఎత్తుకున్నాడు. ఫాదర్ అంగీ చేతులు రెండూ ఇస్త్రీ చేసేదాకా ఓపికగా విన్నాడు.

"రుయార్ గారూ, మా ఊరికి సువార్త తెచ్చింది మీ జిల్లా ఫాదర్లే. మా తాతకు జ్ఞానస్నానం ఇచ్చింది వాళ్ళే. అది మీ పతనంలో ఎన్నో ఏడు?"

ఓబెన్ వేళ్ళు మడిచి లెక్క మొదలుపెట్టి, మధ్యలో వదిలేశాడు. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు, తనకూ తోచలేదు.

"ఆదివారం వస్తాను," అన్నాడు ఫాదర్. "ఒక్కటే మాట. ఖాళీ గుడిలో చెయ్యను. అడిగినవాళ్ళు ముందు వరసలో ఉండాలి. నాకు వచ్చిన పూజే చేస్తాను, ఫ్రెంచిలోనే."

ఒట్టు సంగతి ఓబెన్ చెప్పలేదు. సరేనన్నాడు.

పంతొమ్మిదిన ఆయనే గంట కొట్టాడు. రుయార్ కొత్త పూజకు కూర్చుంటున్నాడట అని తెలిసి, నమ్మకం లేనివాళ్ళు కూడా వినోదం చూడటానికి వచ్చారు. గుడి నిండింది. ఫాదర్ ఫ్రెంచిలో పలికిన ప్రతిదానికీ ఓబెన్ లతీనులో, బిగ్గరగా, ఒక్కడే జవాబు చెప్పాడు. వెనక వరసల్లో నవ్వులు కాసేపు వినిపించి ఆగిపోయాయి.

సత్ప్రసాదం రొట్టె తీసుకోవడానికి అందరూ నిలబడి చేతులు చాస్తే ఆయన ఉత్త రాతి నేల మీద మోకరించాడు. ఫాదర్ వంగి నాలుక మీద పెట్టాడు. ఆ తరువాత లేవబోతే మోకాళ్ళు లేవనివ్వలేదు. పట్టుకోవడానికి ఏమీ లేదు. వెనక నుంచి ఎవరో వచ్చి మోచెయ్యి పట్టుకుని లేపారు. మేయరమ్మ.

"లేవండి రుయార్ గారూ. ఇక నేను మళ్ళీ ఆరు నెలలు ఆగాలి," అంది మెల్లగా.

ఆయన ఆమె చెయ్యి వదల్లేదు.

"ఆరు నెలలెందుకమ్మా. వచ్చే నెల కూడా రమ్మని ఫాదర్‌ను ఇప్పుడే అడుగుతాను. ముందు వరసలో నేనే ఉంటాను."